వద్దనగలిగే వారితోనే మాట

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి రాయునది.

చిరంజీవి కొత్తగా స్వీకరించిన విశ్వాసాన్ని గురించి ఇంట్లోను, ఆఫీసులోను, ప్రయాణాల్లోను ఎదురైన వారందరికీ చెప్పాలని తపిస్తున్న సంగతి బంధువర్గానికంతటికీ తెలిసినదే. ఆ తపనను తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. తనకు మేలు చేసిందని మనసారా నమ్మినదాన్ని తనవారికీ అందించాలనుకోవడం ప్రేమ లక్షణమే గాని అహంకార లక్షణం కాదు. ఆ విశ్వాసం ఏది, అందులో సత్యమెంత అన్నది కూడా ఇక్కడ చర్చకు రాదు. ఎందుకంటే ఇక చెప్పబోయే మర్యాద ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పేవారికీ, దావత్ పని మీద, అంటే ఇస్లాం ప్రచారానికి, ఊళ్లు తిరిగేవారికీ, తెల్లవారుజామున నగర సంకీర్తన నడిపేవారికీ, దేవుడు లేడని నచ్చజెప్పబూనే నాస్తికులకూ ఒకే విధంగా వర్తిస్తుంది. తేల్చుకోవలసినదల్లా, ఎదుటి మనిషికి వినాలని లేనప్పుడు విశ్వాసి మాటకు ఉన్న హక్కు ఎంత, హద్దు ఎక్కడ అన్నదే.

హక్కు సంగతి ముందుగా చూడవచ్చు. భారత రాజ్యాంగం 25వ అధికరణ అంతఃకరణ స్వేచ్ఛను, అంటే తన మనస్సాక్షికి తోచినదాన్ని నమ్మే స్వేచ్ఛను, దానితోపాటు తన మతాన్ని బాహాటంగా చెప్పుకునే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును, ప్రజాశాంతికీ నైతికతకూ ఆరోగ్యానికీ లోబడి, అందరికీ ఇచ్చింది. ప్రచార హక్కును అందులో చేర్చాలా వద్దా అన్న దానిపై 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో గట్టి వాదమే జరిగింది. లోక్‌నాథ్ మిశ్రా దాన్ని తీవ్రంగా వ్యతిరేకించగా, కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి వంటివారు సమర్థించారు, చివరికి అది నిలిచింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కుకు అర్థం చెబుతూ, ప్రచారమంటే తన మత సూత్రాలను వివరించి వ్యాప్తి చేయడమే గాని మరొకరిని మతం మార్చే హక్కు కాదని, అంతఃకరణ స్వేచ్ఛ వినేవాడికి కూడా ఉన్నదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును సీర్వాయ్ వంటి న్యాయకోవిదులు విమర్శించినా, అందులోని ఒక అంశం మాత్రం ఏ పక్షం వారూ కాదనలేనిది: మాట్లాడే హక్కును చట్టం కాపాడుతుంది, కాని వినే బాధ్యతను ఎవరి మీదా మోపదు. 28వ అధికరణ దీన్ని మరింత స్పష్టం చేసింది. ప్రభుత్వ గుర్తింపు గాని నిధులు గాని పొందే విద్యాసంస్థలో చదివే వారిని, వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకో ప్రార్థనకో హాజరు కమ్మని బలవంతపెట్టకూడదు. మైకుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పొరుగువారి ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లోనే స్పష్టం చేసింది.

ఈ వివేకం చట్టాల కన్నా చాలా పాతది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దానికి చెందిన ఆ ధర్మలిపుల్లో 12వది ప్రత్యేకంగా వాక్సంయమాన్ని గురించినది, అంటే మాటను అదుపులో ఉంచుకోవడాన్ని గురించినది. సందర్భం లేకుండా సొంత సంప్రదాయాన్ని పొగడటం, ఇతరుల సంప్రదాయాన్ని తెగడటం కూడదని, సందర్భం ఉన్నప్పుడు కూడా మితంగానే మాట్లాడాలని, భక్తి మితిమీరి పరమతాన్ని కించపరిచేవాడు నిజానికి తన మతానికే ఎక్కువ హాని చేస్తున్నాడని ఆ శాసనం సారాంశం. ఇది మతం పట్టని రాజు చెప్పిన మాట కాదు. ధర్మ ప్రచారం కోసం ధర్మమహామాత్రులనే ప్రత్యేక అధికారులను నియమించి, కొండలకూ స్తంభాలకూ తన సందేశాన్ని ఎక్కించిన మహాప్రచారకుడు తనకూ తన ప్రజలకూ గీసుకున్న గీత. చిరంజీవి ఎప్పుడైనా గుత్తి వైపు వెళ్తే ఆ బండలను తప్పక చూడవలసింది.

గ్రంథాలు కూడా ఈ విషయంలో ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. భగవద్గీత 18వ అధ్యాయంలో బోధ అంతా ముగిసిన తరువాత, దీన్ని తపస్సు లేనివాడికీ భక్తి లేనివాడికీ వినాలని కోరనివాడికీ చెప్పవద్దని కృష్ణుడు అర్జునుణ్ణి హెచ్చరిస్తాడు. మత్తయి సువార్త 10వ అధ్యాయంలో, తన శిష్యులను ఏ ఇల్లయినా చేర్చుకోకపోతే, వారి మాటలు వినకపోతే, పాదధూళి దులుపుకొని అక్కడి నుంచి వెళ్లిపొమ్మంటాడు యేసు. తిరిగి తలుపు తట్టమనడు. ఖురాన్ 88వ సూరా ప్రవక్తకు గుర్తు చేసేవాడి స్థానాన్నే ఇస్తుంది, జనం మీద అజమాయిషీ చేసేవాడి స్థానాన్ని ఇవ్వదు. ఈ మూడింటి నేపథ్యాలు వేరు, వాటిని ఒకే గాటన కట్టడం సరికాదు. అయినా, వినేవాడి ఇష్టం లేకుండా విశ్వాసం అందదన్న గుర్తింపు మూడింటిలోనూ ఉంది. ఉత్సాహవంతుడైన శిష్యుడు గురువు కన్నా ముందుకు పరుగెత్తడం మతాల చరిత్రలో తరచుగా కనిపించే పొరపాటు.

అసలు చిక్కు తెలుగువారి మర్యాదలో ఉంది. తెలుగిళ్లలో ‘వద్దు’ అన్న మాట నోటి నుంచి సూటిగా రావడం చాలా అరుదు. గుమ్మంలోకి వచ్చినవారిని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వడం ఆతిథ్యం మాత్రమే. అది వినడానికి ఇచ్చిన సమ్మతి కాదు. ‘అలాగేనండి’, ‘చూద్దాంలెండి’, ‘పొయ్యి మీద కూర ఉంది బాబూ’ అన్నవన్నీ నిరాకరణలే. వీటన్నిటిలోకి అపార్థానికి ఎక్కువగా గురయ్యేది ‘అన్నీ ఒకటేలే నాయనా’ అన్న మాట. పెద్దవయసువారు ఆ మాట అన్నప్పుడు, సర్వమత సమానత్వం మీద సిద్ధాంత చర్చకు వారు తెర తీస్తున్నారనుకొని, అన్నీ ఒకటి ఎందుకు కావో అరగంట సేపు వివరించే యువకులు ఉంటారు. నిజానికి ఆ పెద్దవారు ఎదుటివారి మనసు నొప్పించకుండా సంభాషణను ముగిస్తున్నారు. కరపత్రాన్ని చేతిలోకి తీసుకోవడం, తల ఊపడం, చిరునవ్వు నవ్వడం కూడా ఇటువంటివే. మర్యాద వల్ల నోరు విప్పలేని మనిషి మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకోవడం ఆ మర్యాదను వాడుకోవడమే అవుతుంది. కాబట్టి ఈ సమాజంలో మాట్లాడేవాడి మీదే ఒక అదనపు బాధ్యత పడుతుంది: ఎదుటివారు కాదనకముందే, కాదనడానికి వారికి సులువైన దారి తెరిచి ఉంచాలి. ‘ఈ విషయం మాట్లాడవచ్చా, ఇష్టం లేకపోతే వేరే సంగతి మాట్లాడుకుందాం’ అని ఒకసారి అడగడం, ఆ రెండో సగాన్ని మనస్ఫూర్తిగా అనడం, అవతలి గొంతులో ఏమాత్రం తడబాటు వినిపించినా వేరే సంగతిలోకి వెళ్లిపోవడం ఇందుకు చాలు. ఒకసారి కాదన్నవారిని మళ్లీ అడగకూడదు. వారే అడిగిన రోజున ఎంతసేపైనా చెప్పవచ్చు.

ఇంతకంటే బరువైన విషయం లేచి వెళ్లలేని శ్రోతలది. ఆసుపత్రి మంచం మీద ఉన్న రోగి, జీతం ఇచ్చే యజమాని ముందు నిలబడ్డ పనివాడు, మార్కులు వేసే ఉపాధ్యాయుడి ఎదుట ఉన్న విద్యార్థి, పొదుపు సంఘంలో అప్పు కోసం నాయకురాలి సంతకం కావలసిన సభ్యురాలు, మైలలో ఉన్న కుటుంబం, పరాయి దేశంలో దిగిన మొదటి వారం గది చూపించి బియ్యం ఇప్పించిన వారి కారులో కూర్చున్న విద్యార్థి — వీరందరికీ చెవులు ఉన్నాయి గాని కాళ్లు లేవు. ఈ తేడాను ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం రెండు గ్రీకు కేసుల్లో చక్కగా విడదీసింది. యెహోవా సాక్షి అయిన మినోస్ కొక్కినాకిస్ క్రీట్ ద్వీపంలో ఒక ఇంటికి వెళ్లి ఆ ఇల్లాలితో మతం మాట్లాడినందుకు గ్రీసు అతణ్ణి శిక్షించింది. 1993లో ఆ న్యాయస్థానం దాన్ని మత స్వేచ్ఛకు భంగంగా తేల్చింది. 1998లో లారిసిస్ కేసులో పెంతెకోస్తు సంఘానికి చెందిన ముగ్గురు వైమానిక దళ అధికారుల విషయం వచ్చింది. వారు బయటి పౌరులకు చెప్పినందుకు వేసిన శిక్ష చెల్లదని, తమ కింద పనిచేసే సైనికులకు చెప్పినందుకు వేసిన శిక్ష మాత్రం సమర్థనీయమేనని అదే న్యాయస్థానం నిర్ణయించింది. చెప్పిన మతం అదే, చెప్పిన మనుషులూ వారే; మారినది వినేవాడి స్థితి. పౌరుడు ముఖం తిప్పుకొని వెళ్లిపోగలడు, కింది సైనికుడు పై అధికారి సంభాషణను తుంచుకొని పోలేడు.

దీనికి తెలుగు నేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలాది మందికి కూలి ఇప్పించాడు. క్రైస్తవంలో చేరతామని ఎందరో ముందుకు వచ్చినా, కూటి కోసం వచ్చినవారిని విశ్వాసులుగా లెక్కించవలసి వస్తుందన్న భయంతో, కరువు సాయం నడిచినంత కాలం అతడు బాప్తిస్మాలు ఆపివేశాడు. సాయం ముగిసిన తరువాతనే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సామూహిక మార్పుకు కారణాలను చరిత్రకారులు పలు విధాలుగా చెప్పవచ్చు, కులపీడనను అందులో ఎవరూ విస్మరించలేరు. అయినా ఆకలితో ఉన్నవాడి ‘సరే’ను ‘సరే’గా తీసుకోకూడదని కరువు నడిమధ్యలో ఒక ప్రచారకుడు నిర్ణయించుకోవడం గౌరవించదగినది. కాని ఆ కాలువ పనిలో మేస్త్రీలుగా ఉన్నవారు క్లౌ సంఘపు బోధకులే, వారు కూలీలకు బోధిస్తూనే ఉన్నారు. పలుగు పట్టుకున్నవాడు మేస్త్రీ బోధను వద్దనడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఫలం కోయడం ఆపినవాడు విత్తడం కూడా ఆపి ఉంటే ఆ మర్యాద సంపూర్ణమయ్యేది. చిరంజీవి ఆఫీసులో తన కింద పనిచేసే వారితో, తాను సాయం చేస్తున్న కుర్రవాళ్లతో వ్యవహరించేటప్పుడు విత్తడం కూడా ఆపడమనే ఈ రెండో సగాన్ని పాటించాలని ఈ లేఖ గట్టిగా కోరుతున్నది. మాట మొదలుపెట్టకముందు, ఈ మనిషి వద్దంటే ఇతడు పోగొట్టుకునేది ఏమైనా ఉందా అని తరచి చూసుకోవాలి. ఉన్నదనిపిస్తే, చేస్తున్న సాయం చేస్తూనే ఆ మాటను పూర్తిగా మానుకోవాలి.

ఇక ఇంటి సంగతి. తల్లి భోజనం వడ్డిస్తున్నప్పుడు ఆమె పూజామందిరంలోని పటాల మీద విమర్శ మొదలుపెడితే, ఆమెకు లేచి వెళ్లే చోటు వంటిల్లు తప్ప మరొకటి లేదు. అందువల్ల ఆమె కూడా పైన చెప్పిన శ్రోతల కోవకే చెందుతుంది. కుటుంబమంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో రోజూ వచ్చే బోధలదీ అదే తీరు. మేనత్తలూ పెద్దనాన్నలూ ఆ గ్రూపును వదిలి వెళ్లలేరు. మర్యాద మాత్రం రెండు వైపులా నడవాలి. చిరంజీవికి ప్రసాదం పెట్టేవారు అది ప్రసాదమని ముందే చెప్పాలి, తీసుకోకపోతే చిన్నబుచ్చుకోకూడదు. ఈ సంగతి ఇంటివారికి వేరుగా రాయడం జరిగింది.

వచ్చే నెల బావగారి ఆబ్దికం ఉంది. చిరంజీవి తన విశ్వాసం ప్రకారం పిండప్రదానం చేయలేనని అనుకుంటే, ఆ సంగతిని బ్రాహ్మణులు వచ్చి కూర్చున్న తరువాత కాకుండా, ఈ వారంలోనే తల్లికి నెమ్మదిగా చెప్పడం మంచిది. అప్పుడు జ్ఞాతుల్లో ఎవరి చేతనైనా జరిపించుకునే వ్యవధి ఆమెకు ఉంటుంది. కారణాలు ఆమె అడిగితే చెప్పవచ్చు, అడగకపోతే చెప్పనవసరం లేదు. ఆ రోజు ఇంటికి రావడం మాత్రం మానకూడదు. వచ్చినవారికి విస్తళ్లు వేయడానికీ, తండ్రిని ఎరిగిన పెద్దలతో కూర్చొని ఆయన కబుర్లు వినడానికీ ఏ విశ్వాసమూ అడ్డు రాదు.

ఇట్లు
ఆశీస్సులతో
మేనమామ