పాలు పోసే మనిషి: ఒక డచ్చి బొమ్మ, మన వంటిల్లు



ఈ ఏడాది ఒక రోజు మేము పెద్ద పిల్లల తరగతికి వాచకం తీసుకువెళ్ళలేదు. ఒక రంగుల బొమ్మ ప్రింటు తీసి తీసుకువెళ్ళాం. బల్ల దగ్గర నిలబడి ఒకామె కుండలోంచి గిన్నెలోకి పాలు పోస్తోంది. "ఇందులో ఏం జరుగుతోందో తెలుగులో చెప్పండి" అని అడిగాం. "ఏమీ జరగడం లేదు అంకుల్. ఆమె మిల్క్ పోస్తోంది, అంతే" అన్నాడు ఒక అబ్బాయి.

ఆ "అంతే" అన్న మాట మీదే ఈ పాఠం.

ఎవరు వేశారు? ఎందుకు వేశారు?

ఈ బొమ్మ వేసినాయన పేరు వెర్మీర్. 1632లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో పుట్టాడు. ఆయనకు పదేళ్ళప్పుడు, 1642 డిసెంబరులో, ఆబెల్ టాస్మన్ అనే డచ్చి నావికుడు మనం ఉంటున్న ఈ దేశపు తీరాన్ని చూశాడు. అప్పటికే ఇక్కడ మావోరీలు ఉన్నారు. అయినా తర్వాత డచ్చివాళ్ళు తమ జీలాండ్ రాష్ట్రం పేరే దీనికి పెట్టారు. వాళ్ళు మన మచిలీపట్నానికి అంతకు ముందే, 17వ శతాబ్దం మొదట్లోనే వచ్చి అద్దకం బట్టలు కొని ఓడల్లో తీసుకువెళ్ళారు. హాలండ్ వాళ్ళని మన పెద్దలు వలందులు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం ఉన్నది అందుకే.

అంతవరకూ యూరప్‌లో పెద్ద బొమ్మలంటే ఎక్కువగా దేవుళ్ళవీ, రాజులవీ, యుద్ధాలవీ. హాలండ్‌లో మతం మారి, చర్చిలు బొమ్మలు వేయించుకోవడం మానేశాయి. అదే సమయంలో వ్యాపారంతో నాలుగు డబ్బులు చేతిలో ఆడుతున్న మామూలు కుటుంబాలు తమ ఇంటి గోడల కోసం బొమ్మలు కొనడం మొదలుపెట్టాయి. వాళ్ళకి తమ ఇల్లు, తమ వీధి, తమ పిల్లల అల్లరి చూసుకోవడం ఇష్టం. అలా రోజువారీ బతుకు బొమ్మల్లోకి వచ్చింది.

మూడు బొమ్మలు చూద్దాం

మొదటిది మన పాలు పోసే మనిషి. సుమారు 1660 నాటిది. ఎత్తు 45 సెంటీమీటర్లు, వెడల్పు 41. ఆమె ఒక చెయ్యి కుండ పిడి మీద ఉంది, రెండో చెయ్యి కింద పట్టుకుని ఉంది. చూపంతా సన్నటి పాలధార మీదే. గోడకు ఒక మేకు కూడా కనిపిస్తుంది. బల్ల మీద రొట్టె ముక్కలున్నాయి. ఎండిపోయిన రొట్టె పారేయకుండా పాలలో వేసి వండబోతోందని కొందరు పండితులు అంటారు. చద్దన్నం పారేయని మన అమ్మమ్మలకి ఈ సంగతి వేరే చెప్పాలా?

ఇంకొక విశేషం. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వాళ్ళు పరికరాలతో రంగుల అడుగుకి చూశారు. ఆమె తల వెనక వెర్మీర్ మొదట కూజాలు తగిలించే చెక్క గీసి, తర్వాత దాని మీద రంగు పూసేశాడని తెలిసింది. మంచి ప్రోగ్రాములోంచి అక్కరలేని లైన్లు తీసేసినట్టు అన్నమాట. మన కన్ను ఆమె పని మీదే నిలవాలని ఆయన అలా చేసి ఉంటాడు.

రెండోది పీటర్ డి హోఖ్ వేసింది. ఒక తల్లి కూర్చుని ఉంది, పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టింది. తల్లి ఆ పిల్లకి పేలు చూస్తోంది! ఇది చూపించగానే తరగతంతా నవ్వులు. ఆ వెనక కూర్చున్న తల్లులు ఇంకా గట్టిగా నవ్వారు.

మూడోది యాన్ స్టేన్ వేసిన పండుగ ఇల్లు. సెయింట్ నికొలాస్ పండుగకి చిన్న పాపకి బొమ్మ వచ్చింది, అన్నకి బెత్తం వచ్చింది. వాడు ఏడుస్తున్నాడు. వెనక నుంచి నానమ్మ రమ్మని సైగ చేస్తోంది. ఆయన బొమ్మల్లో ఇళ్ళు ఎంత గందరగోళంగా ఉంటాయంటే, చిందరవందరగా ఉన్న ఇంటిని డచ్చివాళ్ళు ఇప్పటికీ "యాన్ స్టేన్ కాపురం" అంటారు.

మనవాళ్ళు వేయలేదా?

వేశారు. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్యగారు (1925–2012) నకాషీ పద్ధతి నేర్చుకుని పల్లె జనాన్నీ, వాళ్ళ పనులనూ, పండుగలనూ వేశారు. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠంగారి బొమ్మల్లో పెద్ద బొట్టు, ముదురు రంగు చీర కట్టిన పల్లె ఆడవాళ్ళని మీరు చూసే ఉంటారు. వాళ్ళు రాణులు కారు. మన ఊళ్ళలో రోజూ ఎదురయ్యే అత్తలూ, పిన్నులూ.

మా ఇంటి ఆల్బం

మేము ఇంజనీరింగు చదివి కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్ళం. బొమ్మల గురించి రాయడానికి ఒక కారణం ఉంది. మా అమ్మగారు పోయాక ఆల్బములన్నీ తిరగేశాం. పెళ్ళిళ్ళు, గృహప్రవేశం, విమానాశ్రయం ఉన్నాయి. అన్నిటిలోనూ ఆమె పట్టుచీర కట్టుకుని కెమెరా వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. చేటతో బియ్యం చెరుగుతున్న ఫోటో ఒక్కటీ లేదు. మేము రోజూ చూసిన అమ్మ ఆమె. "అంతే కదా" అనుకుని ఎవరమూ తియ్యలేదు.

ఫోటోతో పాటు మాట కూడా పోతోంది. చేట ఎలా ఉంటుందో తెలియని పిల్లకి చెరగడం అన్న మాట ఎలా వస్తుంది?

ఈ మాటలు నేర్చుకుందాం

చెరగడం: చేటలో బియ్యం ఎగరేసి ఊక పోగొట్టడం.
జల్లించడం: పిండిని జల్లెడ పట్టడం.
వార్చడం: ఉడికిన అన్నంలోంచి గంజి వంపేయడం.
చిలకడం: కవ్వంతో మజ్జిగ చేయడం.
పొంగడం: మీరు టీవీ చూస్తుంటే పొయ్యి మీద పాలు చేసే పని!

ఇంటిపని

ఈ వారం మీ వంటింట్లో ఒక మూల పది నిమిషాలు ఊరికే కూర్చోండి. అమ్మో, నాన్నో, ఊరినుంచి వచ్చిన అమ్మమ్మో చేసే ఒక్క పని చూసి బొమ్మ గీయండి. పోజు పెట్టమని అడగవద్దు. చేతులు ఎలా ఉన్నాయి, వెలుగు ఏ కిటికీలోంచి వస్తోంది, గోడకి మేకు ఉందా, అన్నీ చూడండి. బొమ్మ కింద ఆ పని పేరు తెలుగులో రాయండి. మాట తెలియకపోతే ఆ పని చేస్తున్న వాళ్ళనే అడగండి.

బొమ్మ బాగా రాలేదని దాచుకోకండి. తీసుకురండి, బడి గోడకి అంటిద్దాం. ఆ తర్వాత ఇంటికి తీసుకువెళ్ళి, పెళ్ళి ఫోటోల పక్కనే ఆల్బంలో పెట్టుకోండి.