పడని మందులు కలవకూడదు



మిరప కోతకు పోయొచ్చిన రోజు నడుము పట్టేస్తుంది. పత్తి తీసిన రోజు మెడ, భుజాలు లాగుతాయి. తెల్లారితే మళ్ళీ ముఠాతో ఆటో ఎక్కాలి. పని మానితే కూలి పోతుంది. అందుకే మందుల షాపుకు పోయి, "ఒళ్ళు నొప్పులకు బిళ్ళలివ్వయ్యా" అంటాం. పొట్లం కట్టి ఇస్తారు. వేసుకుంటాం. నొప్పి తగ్గుతుంది.

నొప్పి తగ్గించుకోవడం తప్పు కాదు. కాని ఆ పొట్లంలో ఉన్న బిళ్ళ ఏది? మనం రోజూ వేసుకునే మందుకు అది పడుతుందా, పడదా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

చేను చెప్పే సంగతి

రెండు రకాల పురుగు మందులు ఒకే డ్రమ్ములో కలపాలంటే రైతు ఆలోచిస్తాడు. విడిగా కొడితే రెండూ పనికొచ్చేవే. పడనివి కలిపితే ఆకు మాడిపోతుంది. మన ఒంట్లోనూ అంతే. రెండు బిళ్ళలూ మంచివే కావచ్చు. కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

నొప్పి బిళ్ళలన్నీ ఒకటి కావు

పారాసిటమాల్ ఒక రకం. అది జ్వరానికి, నొప్పికి వాడతారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇంకో రకం. అవి వాపును, నొప్పిని తగ్గిస్తాయి.

మూడో రకం నల్లమందు జాతి. నల్లమందు పేరు మన పెద్దవాళ్ళకు తెలుసు. గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు ఎండితే నల్లమందు అవుతుంది. మార్ఫిన్, కోడీన్ అందులో ఉన్న మందులే. ట్రమడాల్, టపెంటడాల్ అనేవి ఫ్యాక్టరీలో తయారవుతాయి. అవి చేసే పని మాత్రం నల్లమందు లాంటిదే. కొన్ని దగ్గు మందుల్లో కూడా కోడీన్ ఉంటుంది.

ఈ మందులు మెదడు మీద పనిచేసి నొప్పి తెలియనివ్వవు. మన ఊపిరిని నడిపించేది కూడా మెదడే. మందు ఎక్కువైతే ఊపిరి నెమ్మదిస్తుంది. మత్తు తెచ్చే ఇంకో మందు తోడైతే ఇంకా నెమ్మదిస్తుంది. మనిషి నిద్రలోనే పోవచ్చు. పక్కన పడుకున్నవాళ్ళకు కూడా తెలియదు.

ఆపరేషన్ నొప్పికి, క్యాన్సర్ నొప్పికి డాక్టర్లు ఇవే మందులు ఇస్తారు. డాక్టరు చూసి ఇచ్చినవి భయపడి మానొద్దు. చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు. అడిగి, మెల్లగా తగ్గించుకోవాలి.

అత్త, కోడలు

కోడలు: అత్తా, ఆ పొట్లంలో బిళ్ళలు ఏంటివి?

అత్త: మోకాళ్ళకమ్మా. షాపులో ఇచ్చారు.

కోడలు: రాత్రిపూట నిద్ర బిళ్ళ వేసుకుంటావుగా? ఆ సంగతి షాపులో చెప్పావా?

అత్త: నిద్ర బిళ్ళ సంగతి వాళ్ళకెందుకే? నేనడిగింది మోకాళ్ళకు గదా.

కోడలు: కడుపులోకి పోయాక రెండూ ఒకచోటే కలుస్తాయి అత్తా. రెండూ మత్తు తెచ్చేవైతే ఊపిరి ఆగిపోతుందంట. ఈ కొత్త బిళ్ళ ఈ రాత్రికి వేసుకోవద్దు. పొద్దున్నే నర్సమ్మకు చూపిద్దాం.

అత్త: నొప్పికి ఎట్లా మరి?

కోడలు: వేణ్ణీళ్ళ కాపడం పెడతాను. తెల్లారగానే ఆసుపత్రికి పోదాం.

నల్లమందు జాతి బిళ్ళలు వేటికి పడవు?

1. నిద్రకు, గాభరాకు ఇచ్చే బిళ్ళలు. అల్ప్రాజోలం, డయాజెపాం అలాంటివే. ఇవి కలిస్తే ప్రాణాపాయం. ఈ మాట మందు సమాచార పత్రంలో గడి కట్టి రాయాలని 2016లో అమెరికా మందుల శాఖ ఆదేశించింది.

2. సారా, బ్రాందీ, కల్లు. ఇవి కూడా ఊపిరిని మందగింపజేస్తాయి. కల్లులో ఏం కలిపారో మనకు తెలియదు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. ఆ కల్లులో అల్ప్రాజోలం ఉందని పరీక్షల్లో తేలింది. అంటే నిద్ర మందు మనకు తెలియకుండానే కడుపులోకి పోవచ్చు.

3. నరాల తిమ్మిరికి ఇచ్చే ప్రెగాబాలిన్, గాబాపెంటిన్. జలుబుకు, దురదకు ఇచ్చే మత్తు బిళ్ళలు. ఇవీ మత్తును పెంచుతాయి.

4. మనసు దిగులుకు ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రాం లాంటివి. ఇవి ట్రమడాల్‌తో కలిస్తే వణుకు, చెమటలు, జ్వరం, గుండెదడ రావచ్చు. ఫిట్స్ కూడా రావచ్చు. ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని బిళ్ళల్లో ట్రమడాల్, పారాసిటమాల్ రెండూ కలిపే ఉంటాయి. అది తెలియక విడిగా పారాసిటమాల్ కూడా మింగితే ఎక్కువై కాలేయం చెడుతుంది.

పాలిచ్చే తల్లులు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ మందులు పాలలో బిడ్డకు చేరతాయి. బిడ్డ మత్తుగా పడి ఉంటుంది. పాలు తాగదు. ఊపిరి కష్టమవుతుంది. పెద్దల బిళ్ళ విరిచి పిల్లలకు వేయవద్దు.

చట్టం ఏమంటుంది?

ట్రమడాల్, అల్ప్రాజోలం లాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి ఇలాంటి మందులు అమ్మిన షాపు, డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం 3 ఏళ్ళు ఉంచాలి. 2018లో ట్రమడాల్‌ను మత్తు పదార్థాల చట్టం కిందికి తెచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఇంకో ఆదేశం వచ్చింది. టపెంటడాల్‌ను, కండరాలు సడలించే కారిసోప్రొడాల్‌ను కలిపి చేసే బిళ్ళల తయారీకి, ఎగుమతికి ఇచ్చిన అనుమతులు వెనక్కి తీసుకోమని కేంద్రం చెప్పింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో వాటిని జనం మత్తుకు వాడుతున్నారని బయటపడింది.

చట్టం ఉంది. అయినా పొట్లం మన చేతికి వస్తూనే ఉంటుంది. అందుకే మన జాగ్రత్త మనకుండాలి.

మనం చేయగలిగినవి

మందు అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. మనం నేర్చుకున్నది తెలుగు. అయినా దారి ఉంది. ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉందేమో చూడండి. ఉంటే అది డాక్టరు చీటీతోనే వాడాల్సిన మందు. విడి బిళ్ళలు తీసుకోవద్దు. అట్టతో సహా అడగండి. "దీని పేరేంటి? దేనికి?" అని అడిగి, ఆ పేరు మీ నోటు పుస్తకంలో తెలుగులో రాసుకోండి. ఇలాగ:

మందు పేరు: ......
దేనికి: ......
ఎప్పుడు వేసుకోవాలి: ......
ఎవరు రాసిచ్చారు: ......

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో కాగితం ఉండాలి. పి.హెచ్.సి.కి పోయినా, ఒంగోలు పెద్దాసుపత్రికి పోయినా ఆ కాగితం, మందుల అట్టలు ఒక సంచిలో వేసుకుని పోండి. నిద్ర బిళ్ళ, మనసు దిగులు బిళ్ళ, తాగుడు సంగతి దాచొద్దు. చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆపద గుర్తులు

ఎంత లేపినా లేవకపోవడం. ఊపిరి చాలా నెమ్మదిగా ఉండడం. గొంతులో గురగుర చప్పుడు. పెదాలు, గోళ్ళు నీలంగా మారడం. కంటిపాప చుక్కంత చిన్నది కావడం.

ఇవి కనిపిస్తే "మత్తు దిగితే లేస్తాడులే" అని వదిలేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఒంటరిగా వదలొద్దు. మజ్జిగ, ఉప్పునీళ్ళు పోయొద్దు. కక్కించొద్దు. మందుల అట్టలు వెంట తీసుకుపోండి. నల్లమందు జాతి మందుకు విరుగుడుగా ఆసుపత్రిలో నాలొక్సోన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. టైముకు పోతే ప్రాణం దక్కుతుంది.

కొత్త మాటలు

విరుగుడు, హెచ్చరిక, మోతాదు, ప్రాణాపాయం

ఆలోచించి చెప్పండి

1. అత్త నిద్ర బిళ్ళ సంగతి షాపులో ఎందుకు చెప్పలేదు? చెబితే ఏం లాభం?
2. విడి బిళ్ళలు కొంటే వచ్చే నష్టం ఏమిటి?
3. మీ ఇంట్లో రోజూ మందులు వేసుకునేవాళ్ళు ఎవరు?

ఖాళీలు నింపండి

1. నల్లమందు జాతి నొప్పి బిళ్ళ, ........ బిళ్ళ కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది.
2. ఆపద వస్తే ........ నెంబరుకు ఫోన్ చేయాలి.

రాయండి

ఈ రాత్రి మీ ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ ఒకచోట పెట్టండి. పేర్లు తెలిసినవాళ్ళను అడిగి, మీ చేత్తో మీరే మందుల కాగితం రాయండి. రేపు కేంద్రానికి తెచ్చి చదివి వినిపించండి.