కనుమనాడైనను ఆగరాదు

"కనుమనాడు కాకియైనను కదలదు" అని మన సామెత. కడుపులోని క్యాన్సరుకు పెద్ద ఆపరేషను చేయించుకొని సంక్రాంతికి ఇల్లు చేరినవారి విషయమున మాత్రము ఈ సామెతను పాటింపరాదని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

పైకి కుట్లు మానినను లోపలి కండరములు బలపడుటకు సుమారు 6 వారములు పట్టును. అంతవరకు నీళ్లబిందె వంటి బరువులు ఎత్తరాదు. అట్లని మంచమునకే అంటియుండరాదు. కదలక పడియున్నచో కాలి రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టవచ్చును. వైద్యుడు చెప్పిన మేరకు రోజుకు పలుమార్లు మెల్లగా నడువవలెను.

నూనె పిండివంటలకు బదులు మెత్తని ఆహారమును కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టవలెను. క్యాన్సరు అంటువ్యాధి కాదు. రోగిని వేరుగా నుంచ నక్కరలేదు. అయితే జలుబు, దగ్గు గల చుట్టములు దూరముగా నుండవలెను.

జ్వరము 100.4 డిగ్రీలకు చేరినను, గాయమునుండి చీము కారినను, ఒక పిక్క వాచి నొప్పిపెట్టినను ఆనాడే వైద్యునకు చూపవలెను. హఠాత్తుగా ఊపిరాడనిచో నెత్తురుగడ్డ ఊపిరితిత్తులకు చేరియుండవచ్చును. వెంటనే 108కి ఫోను చేయవలెను.

పండుగ మూడు దినములును అట్టి యింటి క్షేమము విచారించుట, వీథులలోని సందడి నడుమ అంబులెన్సుకు దారి కల్పించుట పంచాయతీ సభ్యుల బాధ్యత.