పురుగును పోల్చుకోండి, ఆ తరువాతే మందు



గేదె చిక్కి పాలు తగ్గగానే అది పిడుదుల వల్లనే అనుకొని, వరిచేనుకు తెచ్చిన మందులో మిగిలినది నీళ్ళలో కలిపి ఒంటికి పూసేవారు మనలో ఉన్నారు. ఇది చాలా ప్రమాదం. ఆ విషం చర్మం గుండా ఒంట్లోకి, అక్కడి నుండి పాలలోకి దిగవచ్చును. ఒక ఇంటి పాలు సంఘంలో అందరి పాలతో కలుస్తాయని మరువరాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు, పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం కావచ్చునని నిపుణులు ప్రభుత్వానికి తెలిపారు. పైగా పురుగు ఒకటి, మందు మరొకటి అయితే ఖర్చు దండుగ. కాబట్టి కొల్లేటికోట, చుట్టుపట్ల గ్రామాల పశువులను పీడించే వాటిని ఎలా గుర్తించాలో చూద్దాం.

1. పిడుదులు: చెవుల లోపల, పొదుగు చుట్టూ, తోక మొదట్లో, తొడల సందుల్లో చేత్తో తడిమి చూడండి. రక్తం తాగిన ఆడ పిడుదు ఆముదపు గింజంత ఉబ్బి రాలిపోయి, గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. అందువలన పశువుకు మందు వేయడంతో సరిపోదు. పగుళ్ళు పూడ్చి, కొట్టానికి సున్నం కొట్టాలి.

2. కొట్టపు ఈగ: చూపులకు ఇంటి ఈగలాగే ఉంటుంది. కాని ఇంటి ఈగ కుట్టదు. దీనికి ముందుకు పొడుచుకొచ్చిన సూదిమూతి ఉంటుంది. పశువు అదేపనిగా కాళ్ళు నేలకు తన్నుతుంటే దీనిని అనుమానించండి. పేడ, మూత్రంతో తడిసి కుళ్ళిన గడ్డిలో పుడుతుంది. ఆ గడ్డిని వారం తిరగకుండా తీసివేస్తే దాని సంతతి పెరగదు.

3. జోరీగ: పెద్దది. కుట్టిన చోట రక్తం కారుతుంది. తడి బురదలో పెరిగి, సర్రా జబ్బును ఒక పశువు నుండి మరొక దానికి అంటిస్తుంది. పశువు జ్వరంతో గుండ్రంగా తిరిగినా, తల గోడకు ఆనించినా వెంటనే పశువైద్యుని పిలవండి.

4. నత్త, కార్జపు జలగ: మన ప్రాంతానికి ఇది ముఖ్యం. ఈ జలగ పైకి కనిపించదు. దాని పిల్లలు నీటి నత్తలో పెరిగి, బయటికి వచ్చి గడ్డికి అంటుకుంటాయి. పెద్దింట్లమ్మ జాతర రోజుల నుండి సరస్సు నీరు తీస్తుంది. నిన్నటిదాకా మునిగి ఉన్న పచ్చిక మీదికి గేదెలు వెళతాయి. జలగలు పెరిగి గుడ్లు పెట్టేసరికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటికి గేదె నీరసించి, పారుకొని, దవడ కింద నీరు దిగుతుంది. ఒంటికి ఎన్ని మందులు పూసినా ఇది తగ్గదు. పేడ పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందు తాగించాలి. నీటి అంచున కోసిన గడ్డిని బాగా ఎండబెట్టి వేయడం మేలు.

ఏ మందు వాడినా ఎన్ని రోజులు పాలు పోయకూడదో వైద్యుని అడిగి తెలుసుకొని, ఆ పాలు సంఘానికి తేకండి.

ఈ సాయంత్రం పాలు పితికే ముందు ఒక్కొక్క పశువును తడిమి చూడండి. రాలిన పురుగు దొరికితే సీసాలో వేసి పశువైద్యశాలకు తీసుకువెళ్ళి చూపించండి. సంఘ కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ అందరికీ చదివి వినిపించవలసిందిగా మా మనవి.