పెట్టె మీద ఏడు కోణాల నక్షత్రం

పిల్లలూ! రైలు గేటు దగ్గర కారు ఆగినప్పుడు గూడ్సు బండి మీది పెట్టెలు లెక్కపెట్టడం మీలో చాలామందికి అలవాటే. వాటిలో కొన్ని బూడిదరంగు పెట్టెల మీద నీలం చదరం, అందులో తెల్ల నక్షత్రం ఉంటాయి. దానికి ఎన్ని కోణాలని అడిగితే మా తరగతిలో అందరూ అయిదన్నారు. కాదు, ఏడు! ఈసారి మన పాఠం ఆ నక్షత్రం కథే.

డెన్మార్క్ దేశంలో పీటర్ మేర్స్క్ మోలర్ అనే ఓడ కెప్టెన్ ఉండేవారు. ఆయన భార్య ఆనాకు పెద్ద జబ్బు చేసింది. మబ్బు పట్టిన ఆకాశంలో ఒక్క చుక్క కనబడితే దేవుడు తన మొర విన్నట్టే అనుకుని ఆయన వేడుకున్నారు. చుక్క కనబడింది, ఆవిడ కోలుకుంది. 1886లో ఆయన లారా అనే ఆవిరి ఓడ కొన్నప్పుడు దాని పొగగొట్టానికి నీలం పట్టీ వేయించి, అందులో తెల్ల చుక్క రాయించారు. ఈ సంగతి భార్యకు ఆయనే ఉత్తరం రాశారు. మన అమ్మమ్మల మొక్కుల వంటిదే ఇదీ!

1904లో పీటర్ గారు, ఆయన కొడుకు ఆర్నాల్డ్ కలిసి స్వెన్‌బోర్గ్ అనే రేవు ఊళ్ళో ఓడల కంపెనీ పెట్టారు. మొదటి ఓడ కొత్తది కూడా కాదు, ఎవరో వాడి అమ్మినది. అప్పటికి ఆర్నాల్డ్ వయసు 27. ఆయన పెళ్ళాడినది అమెరికా అమ్మాయిని. అందుకే వాళ్ళబ్బాయి పేరులో అమ్మ ఇంటిపేరు కూడా చేరి మేర్స్క్ మెక్‌కిన్నీ మోలర్ అయింది.

1940 ఏప్రిల్ 9న జర్మనీ సైన్యం డెన్మార్క్‌ను ఆక్రమించింది. ఓడలేమో ప్రపంచమంతా చెదిరి ఉన్నాయి, యజమానులేమో శత్రువు చేతిలో ఉన్న ఊళ్ళో ఉన్నారు. ఆర్నాల్డ్ గారు తన కొడుకును అమెరికా పంపించేశారు. ఆ అబ్బాయికి 26 ఏళ్ళు, పెళ్ళయి నెల కూడా సరిగ్గా కాలేదు. భార్య ఎమ్మాతో న్యూయార్క్ చేరి అక్కడి నుంచే వ్యాపారం చూసుకున్నాడు. 1941లో అమెరికా ప్రభుత్వం తన రేవుల్లో ఆగి ఉన్న విదేశీ ఓడలను యుద్ధం పనికి తీసుకుంది, వాటిలో వీళ్ళవీ ఉన్నాయి. యుద్ధంలో చాలా ఓడలు మునిగిపోయాయి, ఎందరో నావికులు ఇంటికి తిరిగి రాలేదు. ఆయన మాత్రం 1947లో స్వదేశం వెళ్ళారు. ఏడేళ్ళు! రెండేళ్ళుండి వెళ్ళిపోదామని వచ్చిన మాలాంటి వాళ్ళకు ఆ లెక్క బాగానే తెలుసు.

1965లో తండ్రి పోయాక కంపెనీ ఆయన చేతికొచ్చింది. 1975లో కంటైనర్ల రవాణా మొదలైంది. 2006లో నీటిలోకి దిగిన ఓడకు అంతకుముందు ఏడాది కన్నుమూసిన భార్య పేరే పెట్టారు: ఎమ్మా మేర్స్క్. పొడవు 397 మీటర్లు, అంటే మూడున్నర ఫుట్‌బాల్ మైదానాలంత. ఆయన 2012లో, 98వ ఏట కాలం చేశారు.

ఇక మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం చెప్పకుండా ఉండలేని ముచ్చట. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ దాడిలో ఈ కంపెనీ కంప్యూటర్లు ప్రపంచమంతటా ఒక్కసారే పడిపోయాయి. రేవుల బయట లారీలు బారులు తీరాయి. ఏ ఉద్యోగికి ఏ కంప్యూటర్లో ప్రవేశముందో చూసే ముఖ్యమైన సర్వర్లు నూటయాభై దాకా ఉంటే, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఒకదానిలో పోతే ఇంకొకదానిలో ఉంటుందిలే అనుకున్నారు గానీ, అన్నీ కలిసి పోతాయని ఎవరూ అనుకోలేదు. ఒక్కటి మాత్రం మిగిలింది, ఆఫ్రికాలోని ఘనా దేశంలో. ఎలాగంటారా? ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోతను తిట్టుకుంటూ పెరిగిన మేము ఇది చదివి ఎంత నవ్వుకున్నామో. తీరా ఆ డిస్కును ఇంగ్లండు తీసుకెళ్దామంటే ఘనా ఉద్యోగులెవరికీ బ్రిటిష్ వీసా లేదు. ఒకరు నైజీరియా దాకా విమానంలో తెచ్చి విమానాశ్రయంలో అందిస్తే, అక్కడి ఉద్యోగి లండన్ చేర్చాడు. నాలుగు వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు పది రోజుల్లో మళ్ళీ నిలబెట్టారు.

2022లో కంటైనర్ ఓడల్లో మొదటి స్థానం ఎం.ఎస్.సి. కంపెనీకి పోయింది. అదీ ఒక కుటుంబానిదే. మేర్స్క్ వాటాలు బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు గానీ, సగానికి పైగా ఓట్లు ఆర్నాల్డ్ గారు 1953లో పెట్టిన ధర్మనిధి చేతిలో ఉన్నాయి. 2022 నుంచి కంపెనీ అధ్యక్షుడు ఆయన మునిమనవడే.

ఇంటిపని: రేవు, సరుకు, లంగరు, పొగగొట్టం, తెరచాప – ఈ మాటలకు అర్థాలు తాతగారినో అమ్మమ్మనో అడిగి రాసుకు రండి. ఈసారి గేటు దగ్గర ఆగినప్పుడు పెట్టెలను తెలుగు అంకెల్లో లెక్కపెట్టండి. ఇరవై తొమ్మిది తర్వాత ఇంగ్లీషులోకి దూకకూడదు!