బ్రేకు పైపు

బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో పది మంది ఆడవాళ్లు చేపలు అమ్ముతారు. అందరూ కలిసి పొదుపు సంఘం పెట్టుకున్నారు. సంఘం డబ్బుతో ఒక పాత డీజిల్ వ్యాను కొన్నారు. రోజూ తెల్లవారుజామున చేపల పెట్టెలు వ్యానులో మార్కెట్‌కు పోతాయి. డ్రైవర్ పక్కన వంతుల ప్రకారం ఇద్దరు ఆడవాళ్లు కూర్చుంటారు.

ఒక రోజు వ్యాను కాలవ వంతెన దిగుతోంది. రోడ్డుకు అడ్డంగా గేదెలు వచ్చాయి. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. పెడలు అడుగు దాకా దిగిపోయింది. బండి మాత్రం ఆగలేదు!

డ్రైవర్ గేరు తగ్గించాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. బండి గేదెలకు రెండు గజాల దూరంలో ఆగింది.

అందరూ కిందికి దిగారు. కాళ్లు వణుకుతున్నాయి. వంతెన పక్కనే ఊరి బడి ఉంది. ఇంకో మూడు గంటలు గడిస్తే ఆ రోడ్డు నిండా పిల్లలే.

డ్రైవర్ టార్చిలైటు వేసి బండి కింద చూశాడు. వెనక చక్రం వైపు పోయే సన్నని ఇనప పైపు తడిగా ఉంది. చుక్క చుక్కగా ఆయిల్ కారుతోంది.

"చిన్న చిల్లు పడింది పెద్దమ్మా. ఆ ముక్క కోసేసి రబ్బరు పైపు ఎక్కిస్తా. క్లిప్పులు బిగిస్తే సరిపోద్ది. ఈ పూటకి పోదాం. ఐసు కరిగిపోతోంది" అన్నాడు.

పెద్దమ్మ పెట్టెల వైపు చూసింది. ఆ పెట్టెల్లో పది ఇళ్ల డబ్బు ఉంది. ఎండ ఎక్కితే చేపలు పాడైపోతాయి. ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

రెండో ఆమె సంఘం లెక్కలు రాస్తుంది. పెళ్లయ్యాకే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఆమె ఇలా అంది:

"పెద్దమ్మా, ఆ పైపులో ఆయిల్‌కి ఎంత జోరు ఉంటదో మనకి తెలీదు. తెలీకుండా ఎట్టా పోతాం? చేపలు ఆటోలో పంపుదాం. మేస్త్రీని పిలుద్దాం."

అలాగే చేశారు. ఆ రోజు లాభం ఆటో బాడుగకే పోయింది. అయినా బండిని కదిలించలేదు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి మేస్త్రీకి కబురు చేశారు.

బ్రేకు ఎలా పనిచేస్తుంది?

మేస్త్రీ వచ్చాడు. ముందు రబ్బరు పైపు సంగతి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"రెండు ఇంజక్షన్ సిరంజీల్లో నీళ్లు నింపి, మధ్యలో సన్నని పైపు కలిపామనుకోండి. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి తోసుకొస్తుంది. బ్రేకు కూడా ఇంతే. కాలితో పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ నొక్కుకుంటుంది. ఆ నొక్కుడు పైపుల గుండా చక్రం దాకా పోతుంది. అక్కడ బ్రేకు పట్టుకుంటుంది. గట్టిగా తొక్కితే ఆ జోరు లారీ టైరులో గాలి జోరు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు రబ్బరు పైపు ఆ జోరుకు ఉబ్బుతుంది. పగులుతుంది. లేదా క్లిప్పు నుంచి ఊడిపోతుంది" అన్నాడు.

"మరి ఒక్క చోట చిల్లు పడితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయిందేం?" అని పెద్దమ్మ అడిగింది.

"మీ బండి పాతది. నాలుగు చక్రాలకీ ఆయిల్ దారి ఒక్కటే. తర్వాత వచ్చిన బండ్లలో రెండు దారులు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది కొంత పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేకుకు ఆయిల్ అక్కర్లేదు. అది తీగతో పనిచేస్తుంది. అందుకే ఇవాళ బతికారు."

పైపు ఎందుకు చిల్లు పడింది?

పెట్టెల్లో ఐసు కరుగుతుంది. ఆ ఉప్పునీళ్లు వ్యాను కిందికి కారతాయి. బురదతో కలిసి పైపుల మీద పేరుకుంటాయి. ఉప్పు తగిలిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. క్లిప్పుల కింద తడి ఆరదు. తుప్పు ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. పైకి కనపడదు.

మేస్త్రీ పైపు మీద బురద గీకాడు. ఇంకో మూడు చోట్ల తుప్పు పొరలు పొరలుగా లేచింది. "చిల్లు ఒకటే. కాని పైపు అంతా పోయింది. ముక్క కాదు, మొత్తం మార్చాలి" అన్నాడు.

మేస్త్రీ చేసిన పని

1. బండిని చదును నేల మీదికి మెల్లగా నెట్టించాడు. జాకీతో లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టాడు. ఒక్క జాకీని నమ్మి ఎవరూ బండి కిందికి దూరకూడదు.

2. తుప్పు పట్టిన నట్లకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నాననిచ్చాడు. మామూలు పానా వేస్తే నట్టు అంచులు అరిగిపోతాయి. పైపు నట్లకు వేరే పానా ఉంది. దానితో విప్పాడు.

3. పాత పైపు పొడవు, వంపులు కొలుచుకున్నాడు. కొత్త పైపును రంపంతో కోయలేదు. రంపం పొడి లోపల పడుతుంది. పైపు కోసే కట్టరుతో కోశాడు.

4. ముందు నట్టును పైపుకు ఎక్కించాడు. తర్వాత పైపు చివరను పనిముట్టుతో గొడుగులా విప్పి, అంచును మళ్లీ లోపలికి మడిచాడు. ఒక్క మడత అయితే జోరుకు చీలిపోతుంది. రెండు మడతలు ఉండాలి.

5. నొక్కు పడకుండా పైపును గుండ్రంగా వంచాడు. సైలెన్సర్‌కూ, తిరిగే భాగాలకూ దూరంగా బిగించాడు. ఎక్కడా రాసుకోకుండా క్లిప్పులు వేశాడు.

బ్రేకుకు ఉత్త రాగి పైపు వాడకూడదు. అదురుకు బీటలు వారుతుంది. రాగి, నికెల్ కలిపి బ్రేకుల కోసమే చేసిన పైపు ఉంది. అది ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. మేస్త్రీ అదే వేశాడు.

అంకె చదివింది, ఆపద తప్పింది

మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడు దుకాణం నుంచి ఆయిల్ డబ్బా తెచ్చాడు. లెక్కలు రాసే ఆమె డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని బండిలో బ్రేక్ ఆయిల్ పోసే బుడ్డి మూత చూసింది. మూత మీద మూడు అక్షరాలు, పక్కన 3 అంకె ఉన్నాయి. డబ్బా మీద ఆ అక్షరాలూ లేవు, ఆ అంకె లేదు.

"మేస్త్రీ గారూ, ఇది అదేనా?" అని అడిగింది.

మేస్త్రీ చూశాడు. అది జాకీలో పోసే ఆయిల్! "బ్రేకులో ఇది పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడైపోతాయి. నువ్వు చూడకపోతే నేనూ పోసేసేవాణ్ణేమోనమ్మా" అన్నాడు.

కుర్రాడు మళ్లీ వెళ్లి 'డాట్ 3' అని ఉన్న బ్రేక్ ఆయిల్ తెచ్చాడు. ఈసారి సీలు తీయని డబ్బా.

తర్వాత పైపుల్లో గాలి తీయాలి. ఆయిల్ నొక్కుకుపోదు. గాలి నొక్కుకుపోతుంది. లోపల గాలి ఉంటే పెడలు మెత్తగా దిగుతుంది, బ్రేకు పట్టదు. లెక్కలు రాసే ఆమె సీటులో కూర్చుంది. మేస్త్రీ చక్రం దగ్గర కూర్చున్నాడు.

"తొక్కి పట్టుకో" అంటే ఆమె తొక్కి పట్టుకుంది. మేస్త్రీ చక్రం దగ్గర నిప్పిల్ వదులు చేశాడు. ఆయిల్‌తో పాటు గాలి బుడగలు వచ్చాయి. నిప్పిల్ బిగించాక "ఇప్పుడు వదులు" అన్నాడు. ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టి నాలుగు చక్రాలకూ ఇలా చేశారు. బుడ్డిలో ఆయిల్ అయిపోకుండా పెద్దమ్మ పోస్తూ ఉంది. చివరికి బుడగలు ఆగిపోయాయి. పెడలు గట్టిపడింది.

డీజిల్ పైపు సంగతి

బ్రేకు పైపు పక్కనే డీజిల్ పైపు ఉంది. మేస్త్రీ దాని మీద వేలు పెట్టాడు. తుప్పు రాలింది.

"అది బ్రేకు కాదుగా?" అన్నాడు డ్రైవర్.

"అదే ఉప్పు, అదే వయసు. పొద్దున్నే బండి తొందరగా స్టార్ట్ కావట్లేదు కదా? ఈ పైపులోంచి గాలి లాగుతోంది. రేపు డీజిల్ కారుతుంది. చేపలకు వాసన పడుతుంది. వేడి సైలెన్సర్ మీద పడితే మంట అంటుకోవచ్చు."

ఆడవాళ్లు లెక్క చూసుకున్నారు. పొదుపులోంచి ఇంకొంత తీయాలి. పెద్దమ్మ "మార్చండి" అంది.

మేస్త్రీ ముందు బ్యాటరీ మైనస్ తీగ తీశాడు. డ్రైవర్ చేతిలో బీడీ పారేయించాడు. డ్రైవర్ డీజిల్‌ను నోటితో లాగబోతే వద్దన్నాడు. డీజిల్, పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. చేతి పంపుతో డబ్బాలోకి తీశారు.

పాత బ్రేక్ ఆయిల్‌ను డ్రైవర్ ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోయబోయాడు. పెద్దమ్మ సీసా లాక్కుంది. "ఇంట్లో పిల్లలు రంగునీళ్లని తాగితే?" అంది. బ్రేక్ ఆయిల్ విషం. పాతది మళ్లీ వాడకూడదు. కాలవలో పోయకూడదు. మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, మేస్త్రీకి ఇచ్చేశారు.

పని అయ్యాక పెడలు గట్టిగా తొక్కి పట్టుకున్నారు. జాయింట్లన్నీ చూశారు. ఎక్కడా తడి లేదు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూశారు. బండి చప్పున ఆగింది.

లెక్కల పుస్తకంలో ఆమె ఖర్చు రాసింది. దాని కింద ఇంకో మాట రాసింది: "ప్రతి రోజూ వ్యాను కింద మంచినీళ్లతో కడగాలి. ప్రతి ఆదివారం పైపులు చూడాలి."

గుర్తుంచుకోండి

* పెడలు మెత్తగా దిగినా, బుడ్డిలో ఆయిల్ తగ్గినా, చక్రం దగ్గర తడి కనిపించినా బండి కదిలించకండి.
* బ్రేకు పైపుకు అతుకులు వేయించకండి. పైపు మొత్తం మార్పించండి.
* బ్రేకు పని తెలిసిన మేస్త్రీ చేతే చేయించండి.
* డబ్బా మీద పేరు, అంకె చదవండి. మూత మీద ఉన్నదే పోయించండి.
* బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మూత తీసి ఉంచకండి. రెండేళ్లకు ఒకసారి మార్పించండి.

మాట్లాడుకోండి

1. చేపలు పాడైనా సరే అని వ్యాను ఆపేశారు. మీరైతే ఏం చేసేవాళ్లు?
2. మీ ఊరి ఆటో, జీపు, ట్రాక్టరు పైపులు ఎవరు చూస్తారు? ఎప్పుడు చూస్తారు?

రాయండి

మీ ఇంట్లో విషం ఉన్న డబ్బాలు, సీసాలు ఏవి? వాటి పేర్లు రాయండి. ఆ పేర్లు చీటీల మీద రాసి వాటికి అంటించండి.