మినార్‌ తెగకూడదంటే...

ప్రశ్న: మస్కట్‌లో సుల్తాన్‌ ఖాబూస్‌ గ్రాండ్‌ మసీదు దగ్గర ఫోన్‌తో తీసిన ఫొటోలు మా వెబ్‌సైట్‌లో చాలా నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి. సైజు మారిస్తే మసకబారుతున్నాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, రువి, ఒమన్‌

జవాబు: 4000 × 3000 ఫొటో అంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. వెబ్‌పేజీలో దానికి దక్కే వెడల్పు చాలాసార్లు 1200 దాటదు. మిగతా బరువంతా చూసేవారి డేటాకు దండగే.

ముందు కత్తిరింపు, ఆ తర్వాతే సైజు తగ్గింపు. 16:9 చట్రంలోకి తెస్తే ఎత్తులో 750 పిక్సెళ్లు పోతాయి. 2001లో ప్రారంభమైన ఆ మసీదు ప్రధాన మినార్‌ ఎత్తు సుమారు 90 మీటర్లు. పైనుంచి కోస్తే దాని కొన ఎగిరిపోతుంది. కింది నేలను తీసేయడం మేలు. అప్పటికీ ఇమడకపోతే నిలువు ఫొటోనే అందం.

తర్వాత 1200 × 675కు తగ్గిస్తే పిక్సెళ్లు అసలు ఫొటోలో దాదాపు పదిహేనో వంతుకు దిగుతాయి. జేపెగ్‌ నాణ్యత 80 చాలు.

మసకకు సాధారణ కారణం, చిన్నదైన కాపీని మళ్లీ సాగదీయడం. పోయిన పిక్సెళ్లు తిరిగి రావు. అసలు ఫైలును పదిలంగా దాచి, ప్రతిసారీ దాని నుంచే కొత్త కాపీ తీయాలి.

ఇదే వెబ్‌సైట్‌లో ఇంట్లో తీసిన బతుకమ్మ ఫొటోల్లాంటివి పెడితే, ఫైల్లోని లొకేషన్‌ వివరాలు కూడా తొలగించాలి. వాటితో ఇల్లెక్కడో తెలిసిపోతుంది.